సెల్లార్‌లో భార్గవోపాఖ్యానం

కొన్నాళ్ళపాటు నేను మా అపార్ట్‌మెంట్‌కి గురువుగారిని. నమ్మరు కదా? నమ్మకపోయినా ఫరవాలేదు, పోయిన శనివారం సాయంత్రం ఆ ఉద్యోగం కాస్తా ఊడింది. సర్కారీ ఉద్యోగం అయిపోయినప్పుడు దండ వేసి, శాలువా కప్పి, మిక్చర్ పొట్లం చేతిలో పెట్టి పంపించారు. దీన్నుంచి ఎలా పంపించారో వింటే మాత్రం మీరు తాగుతున్న టీ ముక్కులోకి పోతుంది. కప్పు కింద పెట్టి వినండి.

మేము ఉండేది అమీర్‌పేటలో. మా బాల్కనీలో నిలబడితే ఆకాశం కనిపించదు. ఏ కోర్సు నేర్చుకుంటే ఎంత ప్యాకేజీ వస్తుందో చెప్పే బోర్డులు కనిపిస్తాయి. వాటి సందుల్లోంచి అప్పుడప్పుడూ మెట్రో రైలు తోక కనిపిస్తుంది. ఈ పేటలో చదువంటే ఉద్యోగం కోసమే. ఉద్యోగం అయిపోయినవాడు పుస్తకం పట్టుకుంటే జనానికి అర్థం కాదు. ఒకరోజు టీ కొట్టు దగ్గర నేను ఏదో చదువుకుంటుంటే, మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒకమ్మాయి జాలిగా అడిగింది, "అంకుల్, మీరు సుత కెరీర్ చేంజా?" అని.

ఇంతకీ ఎక్కడున్నాం? ఆఁ, గురువుగారి ఉద్యోగం. దానికి ముందు ఇంట్లో నా పరపతి ఎంతో చెప్పాలి. నాకు మాట్లాడటం ఇష్టం. ఒక మాటలోంచి ఇంకో మాటలోకి పోతాను, అక్కడి నుంచి ఇంకో ఊరికి పోతాను, తిరిగి రావడానికి దారి వెతుక్కుంటాను. "మా ఆఫీసులో ఒకసారి ఏమైందంటే" అని నేను అనగానే మా ఆవిడ సులోచనకు మిక్సీ గుర్తుకొస్తుంది. మా ఇంట్లో చట్నీలు చాలా మెత్తగా ఉంటాయి. ఆవిడ చెల్లెలు సుగుణ యూసుఫ్‌గూడలో ఉంటుంది. సుగుణకు మిక్సీ కూడా అక్కర్లేదు. "బావా, నువ్వు శురూ జేసినంక నేను బస్సెక్కి ఇంటికి పోయి అన్నం దిన్నా నీ కథ అయిపోదు" అని మొహం మీదే అంటుంది. సులోచనకు అది గుచ్చుకుంటుంది. తాను నన్ను ఎన్నయినా అనొచ్చు. చెల్లెలు అంటే మాత్రం ఆ రోజంతా ఆవిడకు అన్నం సహించదు. ఆవిడ బతుకులో ఒకే ఒక్క కోరిక మిగిలింది: సుగుణ నోరు ఒక్కసారి మూతపడాలి. మూయించడానికి నేను పనికిరానని ఆవిడకు ఎప్పుడో తేలిపోయింది.

అలాంటి రోజుల్లో పాత పేపర్లు అమ్మడానికి యూసుఫ్‌గూడ పోయాను. అమీర్‌పేటలోనూ కొంటారు, కానీ యూసుఫ్‌గూడ పేపర్ల కొట్టులో కూర్చోవడానికి స్టూలు వేస్తారు. వృద్ధుడికి స్టూలు వేసే వ్యాపారం ఈ నగరంలో ఇంకా ఎక్కడుందో చెప్పండి! సరే, స్టూలు మీద కూర్చుని చూద్దును కదా, కాంటా పక్కన సుతిలి తాడుతో కట్టిన పుస్తకాల కట్ట. పై పుస్తకం అట్ట మీద నిక్కర్లు వేసుకున్న నలుగురు పిల్లలు స్కూలు గంటను ఎత్తుకుని పరుగెడుతున్నారు.

'మాధవపురం హైస్కూలు'! ఏడు భాగాలూ!

మీరు విని ఉండరు. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా ఊరి అద్దె పుస్తకాల కొట్టులో ఆ సీరీస్ కోసం లైను కట్టేవాళ్ళం. హీరో భార్గవ, పదో తరగతి. అతనికి రాని విద్య లేదు, చదువు తప్ప. హెడ్మాస్టరు పానకాలరావు, కళ్ళజోడు, బెత్తం, పాత స్కూటరు. ఇక అరుణ, రెండు జడలు, క్లాసు ఫస్టు. ప్రతి భాగంలోనూ భార్గవ ఏదో ఒక ఘనకార్యం చేస్తాడు, పానకాలరావు పరువు పోతుంది, అరుణ నవ్వుతుంది, సమాప్తం. మా క్లాసులో మగపిల్లలందరం భార్గవలాగా పాపిడి పక్కకు తీసేవాళ్ళం. నా జుట్టు అప్పుడే పక్కకు పోవడం మొదలుపెట్టింది, పోయి మళ్ళీ రాలేదు.

పేపర్లు దింపి పుస్తకాలు ఎత్తుకుని వచ్చాను. గుమ్మంలోనే సులోచన చూసింది.

"ఇల్లు ఖాళీ జెయ్యిమంటే నింపుతున్నరా? ఏం పుస్తకాలవి?"

"పాతవి. మంచివి."

అంతకంటే ఆవిడ అడగలేదు. చేతిలోంచి తీసుకుని, టీవీ సీరియల్ మీంచి చూపు తిప్పకుండా అట్టలు వేయడానికి కూర్చుంది; లోపల ఏముందో ఆవిడ చూడదు. మా ఇంట్లోకి ఏ పుస్తకం వచ్చినా అట్ట వేయకుండా లోపలికి పోదు. కరెంటు బిల్లుకు కూడా వేసేదేమో, అది బతికిపోయింది. అట్టలకు పాత కేలండర్లు పరుపు కింద దాస్తుంది. అందరిళ్ళల్లో కేలండరు బొమ్మను లోపలికి పెట్టి, తెల్లటి వైపు బయటికి పెట్టి అట్ట వేస్తారు, పేరు రాసుకోవడానికి వీలుగా. మా ఇంట్లో అట్లా కుదరదు. "దేవుని మొఖం లోపటికి పెడ్తరా? ఊపిరాడొద్దా?" అంటుంది సులోచన. కాబట్టి మా ఇంట్లో దేవుళ్ళందరూ బయటికే ఉంటారు, నిగనిగలాడుతూ.

ఈసారి పరుపు కింది నుంచి తీసిన కేలండరు ఒక బట్టల దుకాణం వాళ్ళు ఇచ్చింది. నెలకో దేవుడు. అందుకని ఏడు భాగాలకూ ఏడుగురు దేవుళ్ళు వచ్చారు. హెడ్మాస్టరు స్కూటర్లో గాలి తీసే భాగం మీద వినాయకుడు. పరీక్ష హాల్లో చిట్టీలు అందించే భాగం మీద సరస్వతీదేవి. భార్గవ అరుణకు ప్రేమలేఖ రాసే భాగం మీద, తప్పు నాది కాదు, ఆంజనేయస్వామి.

చదవడం మొదలుపెట్టాను. అయ్యా, ఒక మాట చెప్తాను, చిన్నప్పుడు ఇష్టపడ్డ పుస్తకాన్ని ముసలితనంలో మళ్ళీ చదవొద్దు. చదివితే ఆ పుస్తకంలో ఉన్న మీ చోటు మారిపోయి ఉంటుంది. స్కూటర్లో గాలి తీసిన చోట పద్నాలుగేళ్ళప్పుడు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఇప్పుడూ పొట్టే పట్టుకున్నాను, కానీ హెర్నియా ఆపరేషన్ జరిగిన చోట. ఆ మనిషి ఆ బండిని ఎండలో ఊరవతల దాకా తోసుకుంటూ పోయాడే! దారిలో ఒక్కడైనా నీళ్ళిచ్చాడా? రచయిత రాయలేదు. రెండో భాగం వచ్చేసరికి 'ఈ భార్గవకు రెండు తగిలించేవాళ్ళు లేరా?' అని పైకే అన్నాను. వాళ్ళమ్మ ఏడు భాగాల్లోనూ దోసెలు పోస్తూనే ఉంటుంది. ఒక్క పూట కూర్చోదు. ఇక అరుణ! నేను ఒక ఏడాదంతా ప్రేమించిన అరుణ! క్లాసు ఫస్టు వచ్చే పిల్లకు రచయిత ఇచ్చిన డైలాగులు రెండు: 'ఛీ పో' ఒకటి, 'అమ్మో' ఇంకొకటి.

అయినా వదల్లేదు. తిట్టుకుంటూనే చదివాను. సీరియల్ చూసే ఆడవాళ్ళను నేను ఎన్ని మాటలు అన్నానో అవన్నీ నాకు తగిలాయి.

చదివే చోటు లిఫ్టు ఎదురుగా వాచ్‌మన్ గది పక్క బెంచీ. ఇంట్లో చదివితే కూరగాయలు కోయమంటారు. ఒకరోజు అక్కడ కూర్చుని సరస్వతీదేవి అట్టలో తల దూర్చి ఉండగా లిఫ్టులోంచి కనకయ్య దిగాడు. కనకయ్య మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ, మెయిన్ రోడ్డు మీద బట్టల దుకాణం. ఆ కేలండరు పంచింది ఆయనే. అయినా తన కేలండరని గుర్తుపట్టలేదు. పంచినవాళ్ళు గోడకు తగిలించుకోరు కదా.

"సార్, ఏం గ్రంథం సదువుతున్నరు?"

నేను మంచి పట్టులో ఉన్నాను. "భార్గవ" అన్నాను, తల ఎత్తకుండా.

"అబ్బ! భార్గవ మహర్షా!"

కాదయ్యా, నిక్కరేసుకునే భార్గవ అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే ఆయన చెప్పులు విప్పేశాడు. పుస్తకం చేతిలోకి తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. చెప్పులు విప్పిన మనిషికి నిజం చెప్పడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించి చూడండి.

"మీరు గింత సదువుకున్నోళ్ళని తెల్వదు సార్. ఏడు సంపుటాలున్నయా?"

"ఏడు" అన్నాను. అది అబద్ధం కాదు.

మా సెల్లార్లో శనివారం శనివారం సత్సంగం జరుగుతుంది. కార్లు అవతలికి తీసి, జంపఖానాలు పరిచి, మైకు పెడతారు. మోకాళ్ళు సహకరించని వాళ్ళకు కుర్చీలు. అంటే అందరికీ కుర్చీలే, జంపఖానాలు అందానికి. ప్రవచనం చెప్పడానికి బయటి నుంచి ఒక పంతులుగారు వచ్చేవారు. ఆ శనివారం ఆయన రాలేదు. ఫోన్ చేస్తే పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఉన్నానన్నారు. కాసేపాగి మళ్ళీ చేస్తే, ఇంకా పంజాగుట్ట ఫ్లైఓవర్ కిందే ఉన్నానన్నారు. జనం లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నారు. కనకయ్య పరుగున నా దగ్గరికి వచ్చాడు.

"సార్, జర కాపాడాలె. మీ గ్రంథం ముచ్చట నాలుగు మాటలు చెప్పుండ్రి. పులిహోర సల్లారుతున్నది."

వద్దనే అన్నాను. కానీ మైకు అప్పటికే నా మూతి దగ్గర ఉంది. ఎదురుగా కుర్చీల నిండా మనుషులు. ఒక్కరి చేతిలో కూడా మిక్సీ లేదు! రిటైరయ్యాక అలాంటి దృశ్యం నేను చూడలేదు. ఏం చేస్తాను? మొదలుపెట్టాను.

"పూర్వం మాధవపురమనే ఊళ్ళో ఒక గురుకులం. అక్కడ ఒక గురువుగారు. ఆయనకు ఒక వాహనం. భార్గవుడనే శిష్యుడు ఒకనాడు కొంటెతనం కొద్దీ ఆ వాహనంలోంచి గాలి తీసేశాడు..."

పురాణ కాలంలో ట్యూబు టైరు ఎక్కడిదని ఒక్కరూ అడగలేదు. పైగా రెండో ఫ్లాటు ఆయన పక్కాయనతో గుసగుసగా అంటున్నాడు, "గాలంటే ప్రాణం. వాహనమంటే దేహం. ఎంత లోతు చూడు!" నాకు తెలియకుండా నా కథలో లోతు తవ్వుతున్నారు. నేను ఆ గురువుగారు ఎండలో బండి తోసుకుంటూ పోయే ఘట్టానికి వచ్చాను. చెప్పాను కదా, ఆ చోట నాకు నిజంగానే బాధగా ఉంది. ఆయన చెమట, ఆయన నడుము నొప్పి, దారిలో దాహం, ఇంట్లో ఎదురుచూసే భార్య, అన్నీ కలిపి చెప్పాను. ఎదురుగా చూస్తే ముక్కులు చీదుతున్నారు. అందరూ ఎక్కడో ఒకచోట, ఎవరో గాలి తీసిన బండిని తోసినవాళ్ళే.

పంతులుగారు పులిహోర కూడా అయిపోయాక వచ్చారు. మరుసటి వారం నుంచి ఆయన్ను శ్రమ పడొద్దన్నారు.

ఇంటికి వచ్చాక సులోచన కంచం పెట్టింది. అన్నంలో నెయ్యి వేసింది. నా కొలెస్ట్రాల్ రిపోర్టు వచ్చాక ఆ నెయ్యి డబ్బాను నేను దూరం నుంచి చూడటమే.

"గింత మంచిగ చెప్తరని నాకెన్నడు చెప్పలె?" అంది.

"చెప్పబోతే ఎప్పుడు విన్నవు?"

"ఇప్పుడు ఇంటున్న గద" అని ఎదురుగా కూర్చుంది. గరిట కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పెళ్ళయిన కొత్తలో కూడా అలా కూర్చోలేదు. ఆ క్షణంలో నిజం చెప్పేయాల్సింది. మీరైతే చెప్పేవారా? నేను ఇంకొంచెం నెయ్యి వేయించుకున్నాను.

అప్పటి నుంచి నా వైభవం చూడాలి! లిఫ్టులో నన్ను ముందు ఎక్కనిచ్చేవారు. కూరగాయల బండి దగ్గర బెండకాయల ముచ్చట్లో కూడా నా అభిప్రాయం అడిగేవారు. చిట్టీల భాగాన్ని 'జ్ఞానాన్ని దాచుకోక పంచుకోవాలి' అని చెప్పాను. ప్రేమలేఖను భక్తుడి విన్నపం చేశాను. అరుణను ఏం చేయాలో తోచక దేవతను చేశాను. దేవతలు ఎలాగూ ఎక్కువ మాట్లాడరు. వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం పొద్దున 'భార్గవుని సూక్తులు' అని పూలదండ బొమ్మతో వచ్చేవి. నేను అనని మాటలు కూడా భార్గవుడు అనేవాడు.

సులోచన ఫోన్లో అందరికీ చెప్పింది. చివరికి ఒకరోజు చెప్పింది, "ఈ శనివారం సుగుణను రమ్మన్న. ముందటి కుర్చీల కూసోబెడ్త. ఒక్క మాట మాట్లాడనియ్యను."

సుగుణ అల్లాటప్పా మనిషి కాదు. తీరా ఏదన్నా తేడా వస్తే నా పరువు సంగతి అటుంచండి, అది నాకు అలవాటే. సులోచన చెల్లెలి ముందు తలెత్తుకోలేదు. అందుకే ఆ వారం బాగా తయారయ్యాను. అన్నింట్లోకీ గొప్పదైన గంట ఘట్టం ఎంచుకున్నాను. పరీక్ష రోజు పొద్దున భార్గవ స్కూలు గంటను మాయం చేస్తాడు. గంట మోగదు కాబట్టి పరీక్ష మొదలుకాదు. నిజం పుస్తకంలో దాన్ని డ్రిల్లు రూములో, ఫుట్‌బాళ్ళ బుట్ట అడుగున దాస్తాడు. గురుకులంలో ఫుట్‌బాళ్ళు ఎక్కడివి? కాబట్టి బావిలో దాచినట్టు మార్చుకున్నాను.

శనివారం సెల్లారు నిండిపోయింది. మొదటి వరుసలో పట్టుచీరలో సులోచన, పక్కనే మూతి బిగించుకుని సుగుణ. వాళ్ళ పక్కన ఒక కొత్త మొహం. కొత్త కాదు, మూడో అంతస్తు రాజ్యలక్ష్మిగారు. మోకాలి ఆపరేషన్ చేయించుకుని, పంజాగుట్టలో కూతురింట్లో ఉండి, ఆ రోజే తిరిగి వచ్చారు. చేతిలో చేతికర్ర. కోస్తా వైపు మనిషి. ఊరూరా బదిలీ అవుతూ ఆడపిల్లల హైస్కూల్లోనూ, మగపిల్లల హైస్కూల్లోనూ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. నాకు ఈ సంగతి తెలుసు. తెలిసీ భయపడలేదు. హెడ్మిస్ట్రెస్‌లు ఇలాంటి పుస్తకాలు చదవరు కదా అనుకున్నాను.

చెప్తూ పోయాను. ఆ రోజు నా గొంతు నాకే ముద్దొచ్చింది. "గంట అంటే ఏమిటి? కాలం! కాలాన్ని ఎవరు దాచగలరు? భార్గవుడు ఆ గంటను తీసుకుపోయి లోతైన బావిలో..."

"ఒక్క సందేహమండీ."

చెయ్యి ఎత్తింది రాజ్యలక్ష్మిగారు. సెల్లారు అంతా ఆవైపు తిరిగింది.

"అడగండమ్మా" అన్నాను, గురువుగారి చిరునవ్వుతో.

"బావిలోనా అండీ? ఫుట్‌బాళ్ళ బుట్టలో కదూ?"

మైకులో నా ఊపిరి వినిపిస్తోంది.

కనకయ్య వెనక నుంచి సాయానికొచ్చాడు. "మేడం, పురాణాలల్ల ఫుట్‌బాల్ ఏడిది?"

"మీరు కూర్చోండి" అన్నారావిడ వెనక్కి తిరక్కుండానే. కనకయ్య కూర్చున్నాడు. కుర్చీ లేదని కూడా చూసుకోకుండా జంపఖానా మీద కూర్చున్నాడు. "ఏంటండీ ఆ పుస్తకం? ఒక్కసారి ఇలా తీసుకురండి."

ఇక్కడ నేను చేయాల్సినవి చాలా ఉన్నాయి. మైకు చెడిపోయిందనొచ్చు. కళ్ళు తిరుగుతున్నాయనొచ్చు. ఆ వయసు నాకుంది. కానీ ఆ గొంతు ఎలాంటిదంటే, నేను అనుకునేలోపే లేచాను, నడిచాను, రెండు చేతులతో పుస్తకం అందించాను. ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుని అట్ట మీద శ్రీరాముణ్ణి చూశారు. అట్ట మడత కొంచెం తొలగించి లోపల నిక్కర్ల పిల్లల్ని చూశారు. తర్వాత నన్ను చూశారు.

సులోచన మొహంలో ఇంకా గర్వమే ఉంది. మేడంగారు కూడా గ్రంథం అడిగారని మోచేత్తో సుగుణను పొడుస్తోంది. నేను రాజ్యలక్ష్మిగారి వైపు దీనంగా చూశాను. పక్కనున్నది నా భార్య అని కళ్ళతో చెప్పడానికి ప్రయత్నించాను. కళ్ళతో ఏం చెప్పగలం? ఏదో దుమ్ము పడిందనుకున్నట్టుంది.

ఆవిడ పుస్తకం మూశారు.

"చాలా గొప్ప గ్రంథమండీ" అన్నారు అందరికీ వినపడేలా. "నా సర్వీసంతా ఇవి సేకరించాను. ఎక్కడ కనపడినా సేకరించేదాన్ని."

ఎలా సేకరించారో నాకు ఒక్కడికే అర్థమైంది. ఎన్ని డెస్కుల కింది నుంచో! ఎంతమంది పిల్లలు ఏడ్చి ఉంటారో! సేకరించినవన్నీ స్టాఫ్ రూములో కూర్చుని చదివారని కూడా అర్థమైంది.

"ఈయన చెప్పింది బానే ఉంది" అని ఆవిడ కర్ర ఆనించుకుని లేచి, నా కుర్చీ దగ్గరికి వెళ్ళి మైకు తీసుకున్నారు. "కాకపోతే సగమే చెప్పారు. అరుణాదేవి అని అందులో ఒకావిడ ఉంటుంది. ఆ గంట లేకపోతే పరీక్ష ఆగిపోతుందంటారు కదా. ఎందుకాగుతుందండీ? ఆ అమ్మాయి ఇంట్లోంచి ఇత్తడి పళ్ళెం, గరిటె తెచ్చి వాయించింది. అందరూ వెళ్ళి పరీక్ష రాశారు!"

అది పుస్తకంలో లేదు. నేను ఒట్టు పెట్టి చెప్తాను, అది ఏ భాగంలోనూ లేదు. కానీ సెల్లారులో చప్పట్లు! ఆడవాళ్ళయితే లేచి నిలబడ్డారు. సుగుణ రెండు చేతులూ పైకెత్తి కొట్టింది. ఆ తర్వాత అరుణాదేవి ఏం చేసిందో రాజ్యలక్ష్మిగారు చెప్తూ పోయారు. అరుణ మాట్లాడింది. ఏడు భాగాల్లో మాట్లాడనిదంతా ఆ ఒక్క సాయంత్రం మాట్లాడింది. నేను కుర్చీ కోసం చూశాను. నా కుర్చీలో ఆవిడ కూర్చున్నారు, మోకాలు కదా. నేను జంపఖానా మీద కనకయ్య పక్కన కూలబడ్డాను.

"మేడం మస్తు చెప్తుండ్రు సార్" అన్నాడు కనకయ్య కళ్ళు తుడుచుకుంటూ. "మీరు ఇట్ల చెప్పలేదు."

సత్సంగం అయ్యాక పులిహోర లైనులో ఆవిడ నా పక్కకు వచ్చారు. చంకలో నా శ్రీరాముడు.

"అదీ..." అన్నాను, చెయ్యి చాపి.

"ఇవ్వను. మిగతా ఆరు కూడా రేపు తెచ్చి నాకు అప్పగించండి. వచ్చేటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రండి."

"మా ఇంట్లో పెద్దవాణ్ణి నేనేనండీ."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "మీ ఆవిణ్ణి తీసుకురండి" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర ఉందా అని మీరు అడగొద్దు. సులోచన మాత్రం హాయిగా పడుకుంది. ఆవిడకు అర్థమైంది ఏమిటంటే, మేడంగారు మా ఇద్దర్నీ ఇంటికి పిలిచారు, అంటే ఏదో సన్మానం. పొద్దునే తలస్నానం చేసి, ఇంకో పట్టుచీర తీసింది. మేడంకు పెట్టడానికి జాకెట్టు గుడ్డ, అరటిపళ్ళు సర్దింది. "ఆ తెల్ల అంగి ఏసుకోండ్రి, ఫోటో దీస్తరేమో" అంది. నేను ఆరు పుస్తకాలు గుండెలకు హత్తుకుని లిఫ్టులో నిలబడ్డాను. సుగుణ కూడా వస్తానంది, దేవుడి దయ వల్ల వాళ్ళింటికి గ్యాసు బండి వచ్చే రోజు అయింది.

రాజ్యలక్ష్మిగారు సులోచనను సోఫాలో కూర్చోమన్నారు. నేను కూడా కూర్చోబోయాను.

"మీరు కాదు" అన్నారు.

నిలబడ్డాను. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

ఆవిడ వినాయకుడి అట్ట తీసి సులోచన చేతిలో పెట్టారు. లోపలి బొమ్మలో హెడ్మాస్టరు స్కూటరు, కింద కూర్చుని గాలి తీస్తున్న కుర్రాడు. తర్వాత సరస్వతి అట్ట తీశారు. చిట్టీలు. ఆంజనేయస్వామి అట్ట తీశారు. రెండు జడల పిల్ల, చెట్టు చాటున కుర్రాడు, చేతిలో కవరు, దాని మీద ఎర్రటి గుండె. సులోచన ఆ గుండెను చాలాసేపు చూసింది. తర్వాత ఆంజనేయస్వామిని ఒకసారి కళ్ళకు అద్దుకుంది. క్షమించమని అడిగినట్టుంది.

నేను లోపల లెక్క వేసుకుంటున్నాను. ఇప్పుడు ఏడుస్తుందా? తిడుతుందా? ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసిందే, ఇప్పుడు అందరికీ ఏం చెప్తుంది? ఆవిడ గర్వపడి ఎన్నాళ్ళయింది! అది కూడా నిక్కర్ల కథేనని తెలిశాక ఆ మొహం ఎలా అవుతుందో చూడలేక గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను.

"తెలివైనవారేనండీ" అన్నారు రాజ్యలక్ష్మిగారు మెల్లగా. "చెప్పే నేర్పు కూడా ఉంది. ధ్యాసే ఉండదు. అటూ ఇటూ పోతారు."

సులోచన ఊపిరి ఎగబీల్చింది. చీర కొంగు సర్దుకుంది.

"ఒక్క మాట మేడం" అంది. "ఇది మా సుగుణకు తెల్వద్దు."

"తెలియనివ్వనండీ."

"మా ఆయన గట్ల చెప్తుంటే నాకు మంచిగనే అనిపించింది. అది అబద్ధం గాదు." ఆ మాట నేలను చూస్తూ అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. క్షమించిందనుకున్నాను. ఒక అడుగు ముందుకు వేసి పళ్ళెంలో అరటిపండు వైపు చూశాను కూడా.

అప్పుడు సులోచన తలెత్తి, స్కూలుకు పిలిపించిన ఏ తల్లి అయినా టీచరుతో అనే మాటే అంది.

"ఇంట్ల నా మాట ఇంటలేడు మేడం. మీరే జర భయం బెట్టాలె. రెండు కొట్టుండ్రి, మేం ఏమనం."

రాజ్యలక్ష్మిగారు కర్ర వైపు చూశారు. ఆలోచించారు. చివరికి కొట్టలేదు. ఈ మధ్య పిల్లల్ని కొట్టకూడదు కదా.

వచ్చే శనివారం నుంచి మాత్రం నన్ను ముందు వరుసలో, ఆవిడ కర్రకు అందే దూరంలో కూర్చోమన్నారు. వెనక కూర్చుంటే కనకయ్యతో కలిసి చెడిపోతానట.